వెనుకకు ఒరిగిన పలువరుస



మేడ్చల్, శామీర్‌పేట పల్లెలలో ఎద్దును కొనువాడు ముందుగా దాని నోరు తెరచి పండ్లు చూచును. బిడ్డల నోటిలో మాత్రము మనము ఎత్తుపండ్లనే కనిపెట్టుదుము. వెలికి వచ్చినదానికి పేరు తొందరగా పుట్టును. ఎత్తుపండ్లవానిని దంతురుడనుటకు పాణిని ప్రత్యేకముగా ఒక సూత్రమే చేసెను. వెనుకకు ఒరిగిన పండ్లను వైద్యులు ‘రిట్రూజన్’ అందురు. ఆ పేరు పుట్టుకను నేడు మనవి చేసెదను.

ఇది లాటిను మాట. ‘రె’ యనగా వెనుకకు, ‘ట్రూడెరె’ యనగా త్రోయుట. 1899లో అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ పొందిక తప్పిన పలువరుసలను మూడు తరగతులుగా విభజించెను. క్రింది వరుస వెనుకబడుట రెండవ తరగతి. అందు రెండవ విభాగమున పై ముందుపండ్లు లోనికి వాలియుండును.

ఇట్టి నోరు పైకి చక్కగానే తోచును. కాని పై పండ్లు క్రిందివానిని మిక్కిలిగా కప్పి, ఒక్కొక్కప్పుడు చిగుళ్ళను గాయపరచును. కనుక పాలపండ్లు ఊడి క్రొత్తవి మొలచిన పిమ్మట, మనుమలను పండ్లు కరచిపట్టుమని చెప్పి చూడుడు. క్రింది ముందుపండ్లు బొత్తిగా కానరాకున్నచో వైద్యునకు చూపుడు. ఎదుగు ప్రాయమున దవడను దిద్దుట సుకరము.