కటాఫ్ ఏరియా: బలిమెల జలాశయం ఆవలి ఊళ్లు

ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో, బలిమెల జలాశయానికీ ఆంధ్రప్రదేశ్ సరిహద్దు కొండలకూ నడుమ చిక్కుకున్న 151 గిరిజన గ్రామాల ప్రాంతం ఇది. మూడు వైపులా నీళ్లు, నాలుగో వైపు తూర్పు కనుమలు. 1970ల ఆరంభం నుంచి 2018 జులై దాకా ఈ ఊళ్లవాళ్లు తమ జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే పడవ ఎక్కాల్సిందే. తెలుగు పత్రికలు దీన్ని ‘కటాఫ్ ఏరియా’ అనే రాస్తూ వచ్చాయి. వంతెన వచ్చాక ఒడిశా ప్రభుత్వం ‘స్వాభిమాన్ అంచల్’ అని పేరు పెట్టింది. పటంలో చూస్తే ప్రకృతే ఈ ఊళ్లను వేరుగా పెట్టిందనిపిస్తుంది. కొండల మట్టుకు అది నిజమే. నీళ్లను మాత్రం రెండు ప్రభుత్వాలు ఒప్పందం మీద సంతకాలు చేసి తెచ్చిపెట్టాయి. ఈ ప్రాంత చరిత్ర చెప్పేటప్పుడు ఆ సంగతి ముందు చెప్పాలి.

నది, సరిహద్దు

విశాఖ మన్యంలోని మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ నది డుడుమ జలపాతం దగ్గర లోయలోకి దూకి, దిగువన సీలేరు అన్న పేరుతో పారుతుంది. మోటు దగ్గర శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం వద్ద గోదావరిలో చేరుతుంది. నది చాలా దూరం రెండు రాష్ట్రాలకు సరిహద్దుగా నడుస్తుంది గానీ అంతటా కాదు. ఇప్పుడు బలిమెల జలాశయం ఉన్నచోట నదికి తూర్పున కూడా కొంత నేల ఒడిశాదే. కటాఫ్ ఏరియా అంటే ఆ తూర్పు ఒడ్డు నేల.

1936 ఏప్రిల్ 1 దాకా ఇక్కడ రాష్ట్ర సరిహద్దే లేదు. కోరాపుట్ ప్రాంతమంతా జయపురం జమీందారీ కింద, మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండేది. ఒడిశా వేరే రాష్ట్రమయ్యాక కోరాపుట్ అటు వెళ్లింది. అందులోంచి 1992 అక్టోబర్ 2న మల్కన్‌గిరి విడిపోయింది. ఇటువైపు విశాఖ ఏజెన్సీ 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. పాలనా పటాలు ఇన్నిసార్లు మారినా కొండ మీది బంధుత్వాలు, సంతలు, పండగలు గీతకు అటూ ఇటూ కలిసే సాగాయి.

ఇక్కడివాళ్లలో కోందులు, పరజలు, కొండదొరలు, గదబలు ఉన్నారు. ప్రత్యేకించి చెప్పాల్సింది డిడాయిల గురించి. ప్రభుత్వం అతి బలహీన గిరిజన తెగల జాబితాలో చేర్చిన ఈ చిన్న సమూహం ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబానికి చెందిన గతాః భాష మాట్లాడుతుంది. వీరి పొరుగున ఉన్న బోండాల గురించి బయట ప్రపంచానికి ఎంతో కొంత తెలుసు. డిడాయిల పేరైనా విన్నవాళ్లు తక్కువ. కొండవాలు మీద పోడు, రాగులు, సామలు, కందులు, వలిసెలు, పసుపు, అడవిలో దొరికే చింతపండు, అడ్డాకులు వీళ్ల జీవనాధారం. తెగతెగకూ వేరే భాష ఉన్నా సంతలో దేశియా అనే కొండ ఒడియా అందరికీ పనికొస్తుంది. ఆంధ్ర వైపు వెళ్లే కుటుంబాల్లో తెలుగు కూడా నలుగుతుంది.

ఆనకట్ట

స్వాతంత్ర్యం తర్వాత ఈ నది కరెంటు నది అయింది. 1955లో మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. 120 మెగావాట్ల ఆ కేంద్రం ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ఆస్తి. తర్వాత దిగువన చిత్రకొండ వద్ద మరో పెద్ద ఆనకట్ట కట్టి, నీటిని చెరి సగం పంచుకోవాలని 1960ల ఆరంభంలో రెండు రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి. అదే బలిమెల ప్రాజెక్టు. 1970ల ఆరంభానికి మట్టికట్ట పూర్తయి లోయ నిండింది.

ఒడిశా తన వాటా నీటిని బలిమెల విద్యుత్ కేంద్రానికి మళ్లిస్తుంది. మొదట ఆరు యూనిట్లతో 360 మెగావాట్లు, తర్వాత మరో రెండు చేరి మొత్తం 510 మెగావాట్లు. యంత్రాలు తిప్పిన ఆ నీరే పొట్టేరు ప్రాజెక్టు కాల్వల్లో మల్కన్‌గిరి మైదానం పొలాలకు పారుతుంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు దండకారణ్య పథకం కింద భూములిచ్చిన నేల అది. ఆంధ్ర వాటా నీరు కిందికి వదిలితే ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, డొంకరాయిలో 25, మోతుగూడెం దగ్గరి దిగువ సీలేరులో 460 మెగావాట్ల కేంద్రాలు నడుస్తాయి. వేసవిలో సాయంత్రాలు కరెంటు వాడకం ఒక్కసారిగా పెరిగినప్పుడు ఇక్కడి గేట్లు తెరుస్తారు. ఏటా వేసవిలో బలిమెల నీటిమట్టం ఎన్ని అడుగులుందో తెలుగు పత్రికల్లో వార్త వస్తుంది. ఆ అంకె వెనుక ఊళ్లున్నాయన్న మాట ఆ వార్తల్లో ఉండేది కాదు.

లోయలో మంచి పల్లపు పొలాలు మునిగాయి. ఉన్నవాళ్లు వాలు మీదికి ఎక్కారు. మునగని ఊళ్లకు నష్టపరిహారం లెక్కలో చోటు లేదు. కానీ వాళ్లు పోగొట్టుకున్నది దారి. అంతకుముందు నదిని వేసవిలో కాలినడకన, తక్కిన రోజుల్లో దోనె మీద దాటి సంతకు పోయేవాళ్లు. ఇప్పుడు అడ్డంగా సముద్రంలాంటి నీళ్లు. ఏ కరెంటు కోసం లోయ ముంచారో ఆ కరెంటు ఈ ఊళ్లకు దశాబ్దాల పాటు రాలేదు.

లాంచీ కాలం

వంతెన లేని నాలుగున్నర దశాబ్దాల్లో ఇక్కడికి వెళ్లిన ప్రతి మనిషి, గుమస్తా అయినా టీకాల నర్సు అయినా ఓట్ల పెట్టెలు మోసే ఉపాధ్యాయుడైనా, చిత్రకొండ రేవులో లాంచీ కోసం కాచుకున్నవాడే. ప్రభుత్వ లాంచీకి వేళలున్నాయి గానీ డీజిలు, యంత్రం, వాన, గాలి అనుమతిస్తేనే ఆ వేళలు. లాంచీ తప్పితే నాటు పడవ. దిగాక నడక. ఈ నీటి గురించి బయటివాళ్లు ఊహించలేని సంగతి ఒకటుంది. జలాశయం పూర్తి మట్టం 1516 అడుగులు, విద్యుత్ కోసం వాడుకోగల కనిష్ఠ మట్టం 1440 అడుగులు. అంటే ఒడ్డు నిలకడగా ఒకచోట ఉండదు. నిండినప్పుడు ఊరి కిందే ఆగే పడవ, నీరు దిగినప్పుడు బురదకు అవతల ఆగుతుంది. నెత్తిన ఉప్పు, కిరసనాయిలు, బియ్యం పెట్టుకుని ఆ బురద దాటాలి. ఎక్కడో పట్నంలో ఫ్యానుల వాడకం పెరిగితే ఇక్కడ రేవు వెనక్కి జరిగిపోయేది.

అందుకే ఊళ్లు ఆంధ్ర వైపు తిరిగాయి. జొడాంబో, పనస్‌పుట్, ఆండ్రపల్లి, జంత్రి పంచాయతీల వాళ్లకు కొండ దిగి ముంచంగిపుట్టు, పెదబయలు మండలాల సంతలకు నడవడమే మేలనిపించింది. పసుపు, పిప్పళ్లు అమ్ముకునేది ఇక్కడే, బట్టలు కొనేదీ ఇక్కడే. కాన్పు కష్టమైతే డోలీ కట్టి మోసుకొచ్చేది కూడా చాలాసార్లు ఇటే. ఓటు, రేషన్ కార్డు ఒడిశావి. ఆపద్బంధువులు మాత్రం ఆంధ్ర కొండల మీది మనుషులు. భువనేశ్వర్ నుంచి మల్కన్‌గిరికే ఆరువందల కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడినుంచి చిత్రకొండ, ఆపైన నీళ్లు. ఫైలు మీద సంతకం చేసే మనిషికి ఈ గ్రామం కనిపించే అవకాశం ఎంతుంటుంది?

ప్రభుత్వం రాని చోటికి మావోయిస్టులు వచ్చారు. ఆంధ్ర ఒడిశా సరిహద్దు, వార్తల్లో ‘ఏఓబీ’, వాళ్లకు రెండు దశాబ్దాల పాటు గట్టి స్థావరం. నీరు కోటకందకంలా కాపాడింది. పోలీసులకు అదే శాపమైంది. 2008 జూన్ 29న జలాశయంలో అలంపాక వద్ద ఆంధ్ర పోలీసుల గ్రేహౌండ్స్ బలగాలతో వెళ్తున్న లాంచీ మీద కొండల పైనుంచి కాల్పులు జరిపారు. లాంచీ మునిగి 38 మంది మరణించారు. ఎన్నో తెలుగు ఇళ్లు ఆ వారం శోకంలో మునిగాయి. బలిమెల అన్న పేరు చాలామందికి తొలిసారి తెలిసింది ఆ శవపేటికల వల్లనే.

2011 ఫిబ్రవరి 16న ఇదే ప్రాంతంలో పర్యటిస్తున్న మల్కన్‌గిరి కలెక్టర్ ఆర్. వినీల్ కృష్ణను, ఒక జూనియర్ ఇంజనీరును మావోయిస్టులు అపహరించారు. ప్రొఫెసర్ జి. హరగోపాల్, ప్రొఫెసర్ ఆర్. సోమేశ్వరరావు, దండపాణి మొహంతి మధ్యవర్తులుగా చర్చలు జరిపారు. కలెక్టర్ ఫిబ్రవరి 24న విడుదలయ్యాడు. ఆయన్ను వదిలిపెట్టమని గిరిజనులు ఊరేగింపులు తీశారు. ఇన్నాళ్లలో తమ దగ్గరికి నడిచొచ్చిన అధికారి కాబట్టి వాళ్లు అలా చేశారనే నా నమ్మకం. 2016 అక్టోబర్‌లో రామగూడ దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో ఇరవై మందికి పైగా మావోయిస్టులు చనిపోయారు. అది ఏఓబీలో వారి బలాన్ని విరిచిన ఘటన. ఈ రెండు తుపాకుల నడుమ ఊళ్లు ఎలా బతికాయో చెప్పే చరిత్ర ఇంకా రాయాల్సే ఉంది. ఇన్‌ఫార్మర్ అని ఒకరు, కొరియర్ అని మరొకరు అనుమానించే రోజుల్లో అడవికి కట్టెలకు వెళ్లడం కూడా సాక్ష్యంలా చూసేవారు.

వంతెన

జలాశయంలోని గురుప్రియ పాయ మీద వంతెనకు 1982లోనే శంకుస్థాపన జరిగింది. పూర్తయి ప్రారంభమైంది 2018 జులై 26న. మధ్య ముప్పయ్యారేళ్లు. టెండర్లు పిలిచారు, గుత్తేదార్లు ముందుకు రాలేదు. వచ్చినవాళ్లు భయపడి వెళ్లిపోయారు. 2014 తర్వాత సరిహద్దు భద్రతా దళం పహారాలో స్తంభాలు లేచాయి. 910 మీటర్ల వంతెనకు దాదాపు 187 కోట్ల రూపాయలు ఖర్చయింది. ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ ప్రారంభించారు. జాన్‌బాయి ఒడ్డు నుంచి ఆవలి కొండకు చక్రాల బండి మీద వెళ్లడం ఆ ఊళ్ల పిల్లలకు అప్పుడే తెలిసింది.

ఆలస్యానికి మావోయిస్టులే కారణమనడం తేలిక. 1982 నాటికి ఈ కొండల మీద వాళ్ల పట్టు అంతగా లేదు. అప్పుడే మొదలుపెట్టి నాలుగేళ్లలో కట్టి ఉంటే ఏఓబీ చరిత్రలో సగం పేజీలు వేరుగా ఉండేవి. విద్యుత్ యంత్రాలకు దొరికిన డబ్బు, ఇంజనీర్లు, పట్టుదల ఆ యంత్రాల వల్ల దారి పోగొట్టుకున్నవాళ్లకు దొరకలేదు.

వంతెన తర్వాత పనులు వేగం అందుకున్నాయి. లోపలికి రోడ్లు, సెల్ టవర్లు, కరెంటు లైన్లు, బస్సు, అంబులెన్సు వచ్చాయి. వీటికి ముందు భద్రతా దళాల శిబిరాలు వచ్చాయి. వరుసగా లొంగుబాట్లు జరిగాయి. మరోవైపు ఏఓబీ కొండల్లో పాతుకుపోయిన గంజాయి సాగు, దాని దళారీలు ఇక్కడి కుర్రాళ్లనూ కేసుల్లో ఇరికిస్తున్నారు.

ఇప్పుడు ఈ ప్రాంతానికి వెళ్లేవారు మల్కన్‌గిరి నుంచి గానీ జయపురం నుంచి గానీ చిత్రకొండ చేరి, జాన్‌బాయి మీదుగా వంతెన దాటి జొడాంబో వైపు వెళ్తారు. ఆంధ్ర నుంచి సీలేరు మీదుగా చిత్రకొండకు రావచ్చు. జలాశయం పాయలు లోపలికి చొచ్చుకుపోయిన చోట్ల వంతెన ఉపయోగం తక్కువ, అక్కడ పడవే నేటికీ దిక్కు. ఆంధ్ర సంతలకు నడక కూడా ఆగలేదు. చిత్రకొండకు బస్సు ఉన్నా, పసుపుకు మంచి ధర పలికేదీ చుట్టాలు కలిసేదీ కొండకు ఇవతలే.