మెడలో బల్లెంతో వచ్చిన కొంగ

చలికాలం రాగానే పిట్టలన్నీ ఎక్కడికి పోతాయి? యూరప్‌లో ఇదో పాత తగాదా. స్వాలో పిట్టలు కొన్ని ఈకలు రాల్చుకుని కన్నాల్లో దాక్కుంటాయన్నాడు అరిస్టాటిల్. 1555లో అచ్చయిన తన పుస్తకంలో ఓలాస్ మాగ్నస్ అనే స్వీడన్ మతాచార్యుడైతే, జాలర్లు నీళ్ళలోంచి చేపలతోపాటు స్వాలోల్ని కూడా వలేసి లాగుతున్నట్టు బొమ్మే వేయించాడు. నవ్వుకోకండి. సాయంత్రం చెరువుగట్టు రెల్లులో వందలుగా వాలిన పిట్టలు ఓ రోజు ఉన్నట్టుండి మాయమైతే మనం మాత్రం ఏమనుకుంటాం?

1822లో జర్మనీలోని క్లూట్జ్ దగ్గర ఎవరో ఒక స్టార్క్ కొంగని కాల్చారు. తీరా చూస్తే దాని మెడలో అప్పటికే ఓ బల్లెం దిగబడి ఉంది. పొడవు దాదాపు 80 సెంటీమీటర్లు. కర్ర చూస్తే మధ్య ఆఫ్రికాది! పిట్టలు అంత దూరం పోయొస్తాయని వాదించేవాళ్ళకి చేతికందిన తొలి సాక్ష్యాల్లో ఇదొకటి.

పిట్టని చంపకుండా ఈ సంగతి తెలుసుకునే దారి రావడానికి ఇంకో డెబ్భై ఏళ్ళు దాటింది. 1899లో డెన్మార్క్‌లో మోర్టెన్సెన్ అనే బడిపంతులు గోరింకల జాతి పిట్టల కాళ్ళకి అంకెలు చెక్కిన అల్యూమినియం కడియాలు తొడిగి వదిలాడు.

ఆ కొంగ మాత్రం బల్లెం దెబ్బకి చావలేదు. దాన్ని మోసుకుంటూనే ఎడారులు దాటి, గూడు కట్టుకునే చోటికి చేరాక చచ్చింది. రోస్టాక్ విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ దాని కళేబరం నిలబడి ఉంది, మెడలో ఆ బల్లెంతోనే.