ఉక్కు బరువు అంచనా (భవన నిర్మాణం)

ఉక్కు బరువు అంచనా అనగా భవన నిర్మాణంలో వాడే ఊచలు, దూలాలు, పట్టీలు, రేకులు మొదలైన వాటి బరువును వాటి కొలతలను బట్టి ముందుగా లెక్కకట్టే పద్ధతి. నక్షాలో ఊచల వ్యాసం, పొడవు, ఎడం మాత్రమే ఉంటాయి. బజారులో ఉక్కును ఎక్కువగా కిలోలు, క్వింటాళ్ళు, టన్నుల లెక్కన అమ్ముతారు. ఈ రెండింటినీ కలిపేది ఈ లెక్కయే.

నేపథ్యం

పూర్వపు నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాలు (2016లో పునర్విభజనకు ముందున్నవి) రాతి నేలకు ప్రసిద్ధి. ఇక్కడి పాత ఇళ్ళలో రాతి గోడలు, కర్ర దూలాలు, మట్టి మిద్దెలు, పెంకుటి కప్పులు ఉండేవి. ఉక్కు అవసరం స్వల్పం. నల్గొండ జిల్లాలో 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్ట కూడా ప్రధానంగా రాతి కట్టడమే. అందులో ఉక్కు 26 గేట్ల వంటి భాగాలకు ఉపయోగపడింది. కాంక్రీటు స్లాబు ఇళ్ళు పెరిగిన తరువాత సామాన్య గృహస్థునికి సైతం ఉక్కు లెక్క అవసరమైనది.

పాలమూరు అని కూడా పిలువబడే మహబూబ్ నగర్ ప్రాంతం నుండి వలస వెళ్ళే నిర్మాణ కార్మికులు "పాలమూరు లేబర్" అన్న పేరుతో ప్రసిద్ధులు. పెద్ద కట్టడాలలో ఊచలు వంచి కట్టే పనికి టన్నుల లెక్కన కూలి ఒప్పందం చేసుకోవడం సాధారణం. కావున ఈ లెక్క యజమానితో పాటు కార్మికునికీ ముఖ్యమైనదే.

సూత్రం

ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకు 7,850 కి.గ్రా. గుండ్రని ఊచ అడ్డుకోత వైశాల్యాన్ని దీనితో గుణించగా ఈ క్రింది సులభ సూత్రం లభిస్తుంది. ఇందులో వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకోవాలి.

మీటరు ఊచ బరువు (కి.గ్రా.) = వ్యాసం × వ్యాసం ÷ 162

మీటరు ఊచ బరువులు:

* 8 మి.మీ. – 0.395 కి.గ్రా.
* 10 మి.మీ. – 0.617 కి.గ్రా.
* 12 మి.మీ. – 0.888 కి.గ్రా.
* 16 మి.మీ. – 1.58 కి.గ్రా.
* 20 మి.మీ. – 2.47 కి.గ్రా.
* 25 మి.మీ. – 3.85 కి.గ్రా.

రేకులకు చదరపు మీటరుకు, ప్రతి మి.మీ. మందానికి 7.85 కి.గ్రా. చొప్పున లెక్కిస్తారు. 40 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం గల పట్టీ మీటరుకు 1.88 కి.గ్రా. తూగుతుంది. ఐ ఆకారపు దూలాలు, యాంగిళ్ళ బరువులు భారత ప్రమాణం ఐ.ఎస్. 808లో ఇవ్వబడినవి.

ఉదాహరణ

2.5 మీ. వెడల్పు, 6 మీ. పొడవు గల వసారా స్లాబులో వెడల్పు దిశలో 10 మి.మీ. ఊచలు 150 మి.మీ. ఎడంతోను, పొడవు దిశలో 8 మి.మీ. ఊచలు 200 మి.మీ. ఎడంతోను ఉన్నవనుకొనిన (అన్నీ తిన్నని ఊచలు, అంచులలో 20 మి.మీ. కవరు):

* 10 మి.మీ.: 41 ఊచలు × 2.46 మీ. × 0.617 = 62.2 కి.గ్రా.
* 8 మి.మీ.: 14 ఊచలు × 5.96 మీ. × 0.395 = 33.0 కి.గ్రా.
* మొత్తం: సుమారు 95 కి.గ్రా.

అయితే కొనవలసిన బరువు ఇంతకంటే ఎక్కువ. 12 మీటర్ల ఊచ నుండి 2.46 మీ. ముక్కలు నాలుగే వస్తాయి. కావున 10 మి.మీ. ఊచలు 11 కావాలి. వాటి బరువు 81.4 కి.గ్రా. మిగిలిన ముక్కలను మరొక చోట వాడే వీలు లేకపోతే ఆ మేరకు నష్టమే.

బరువు తగ్గిన ఊచలు

ఐ.ఎస్. 1786 ప్రకారం మొత్తం సరుకు సగటు బరువులో అనుమతించే తేడా 10 మి.మీ. వరకు 7 శాతం, అంతకు మించి 16 మి.మీ. వరకు 5 శాతం, ఆపైన 3 శాతం. 12 మీటర్ల 10 మి.మీ. ఊచ 7.40 కి.గ్రా. తూగవలెను, సరుకు సగటు 6.89 కి.గ్రా. కంటే తగ్గితే ప్రమాణానికి సరిపోనట్లే.

సన్నని ఊచలను సంఖ్య లెక్కన కొన్నచో డబ్బు నష్టం. బరువు లెక్కన కొన్నచో అదే ధరకు ఎక్కువ పొడవు వస్తుంది గాని, మేస్త్రీ నక్షాలోని ఎడం ప్రకారమే ఊచలు పరుస్తాడు; కావున స్లాబులో చేరే ఉక్కు తగ్గి బలం లోపిస్తుంది. వేబ్రిడ్జి చీటీ మొత్తం బరువునే చూపుతుంది కనుక ఈ లోపం అందులో కనిపించదు. ఊచలను లెక్కపెట్టి, మొత్తం బరువును మొత్తం పొడవుతో భాగించి, వచ్చిన సంఖ్యను పై పట్టికతో పోల్చినపుడే అది బయటపడుతుంది. కాంక్రీటు పోసిన తరువాత ఈ పరీక్షకు అవకాశం ఉండదు.