చదరంగములో భారతీయ రక్షణ

చదరంగము మన దేశమున పుట్టినదని మనమందరము గర్వముగా చెప్పుకొందుము. ఆ మాట అటుంచి, నేటి చదరంగములో మన దేశము పేరు మరియొక చోట కూడ నిలిచియున్నది. ఆటను ఆరంభించు వ్యూహములలో కింగ్స్ ఇండియన్, క్వీన్స్ ఇండియన్, నిమ్జో ఇండియన్ అను రక్షణలు లోకప్రసిద్ధములు. వీనికి ‘భారతీయ’ మను పేరు ఎట్లు వచ్చినది? ఆ పేరు వెనుక ఒక మనుష్యుడున్నాడు. అతని సొంత పేరు మాత్రము ఏ వ్యూహమునకును దక్కలేదు.

19వ శతాబ్ది మధ్యభాగమున కలకత్తాలో జాన్ కొక్రేన్ అను బారిస్టరు ఉండెను. లండనులో స్టాంటన్ వంటి దిట్టలతో తలపడిన ఆటగాడు. కలకత్తాలో ఆయనకు సరిజోడు దొరకలేదు. పల్లెపట్టున ఓటమి యెరుగని బ్రాహ్మణుడొకడు ఉన్నాడని మిత్రుడు చెప్పగా, 1848లో కొక్రేన్ అతనిని కలిసికొన్నాడు. అతడే మహేశచంద్ర బెనర్జీ. తరువాత పెక్కు సంవత్సరములు వారిరువురు వందలకొలది ఆటలు ఆడినారు.

మహేశచంద్రుడు నేర్చినది దేశీయమైన చదరంగము. ఐరోపా పద్ధతిలో బంటు తన మొదటి ఎత్తున రెండు గడులు సాగవచ్చును. మన దేశములో పెక్కుచోట్ల అది ఒక్క గడియే కదలవలెను. రాజు కోట కట్టుటకు బదులు ఆటలో ఒక్కమారు గుర్రపు ఎత్తు వేయవచ్చును. ఇట్టి ఆటలో తొందర పనికిరాదు. పావులను నిదానముగా సర్దుకొని, సమయము చూచి దెబ్బతీయవలెను. కొత్త నియమములు నేర్చిన పిమ్మట కూడ మహేశచంద్రుని చేతికి ఆ అలవాటు పోలేదు.

ఐరోపావారి దృష్టి అప్పట్లో వేరు. బల్ల నడుమ నున్న నాలుగు గడులే ఆటకు ఆయువుపట్టు. కనుక బంట్లను తిన్నగా అచ్చటనే నిలుపుమని వారు బోధించిరి. మహేశచంద్రుడు అట్లు చేయడు. గుర్రము ముందరి బంటును ఒక్క గడి జరిపి, ఆ సందులో శకటును నిలుపును. అది మూలగా, దూరమునుండి, నడిమి గడులపై గురిపెట్టి కూర్చుండును. ఎదుటివాడు నడుమ బంట్లను పేర్చుకొన్నను అతడు అడ్డుచెప్పడు. పొలము విస్తరించినకొలది కావలి కాయవలసిన గట్లును పెరుగును గదా! ఆ బరువు ఎదుటివానిపై పడిన పిమ్మట తన బంట్లతో ఆ కట్టడమును తాకును. కేంద్రమును ఆక్రమింపక, అదుపులో ఉంచుకొనుట; ఇదియే భారతీయ రక్షణలన్నిటి మూలసూత్రము.

అయితే మహేశచంద్రుడు ఎక్కువ ఆటలు ఓడిపోయినాడు. 1855 మే నెలలో నల్ల పావులతో అతడాడిన ఒక ఆట గమనింపదగినది. గుర్రమును తెచ్చి, శకటుకు దారి చేసి, మూడవ ఎత్తున మంత్రి ముందరి బంటుతో కేంద్రమును ఢీకొన్నాడు. ఆ ఆటలో కొక్రేన్ గెలిచినాడు. 67 ఏండ్ల పిమ్మట 1922లో, వియన్నాలో, ఎర్నెస్ట్ గ్రున్‌ఫెల్డ్ అదే వ్యూహముతో అలేఖిన్ అంతటివానిని ఓడించినాడు. నాటినుండి దానికి గ్రున్‌ఫెల్డ్ రక్షణ యని పేరు. 1848లో మహేశచంద్రునిపై కొక్రేన్ ఒక గుర్రమును బలియిచ్చి, రెండు బంట్లను మాత్రమే పొంది దాడిచేసిన ప్రారంభమునకు నేటికిని కొక్రేన్ గాంబిట్ అని పేరు. ఒకే బల్ల ముందు కూర్చున్న ఇరువురిలో ఒకరికి పేరు మిగిలినది. రెండవవానికి దేశము పేరు మిగిలినది.

ఓడినవాని పద్ధతిని లోకము పాఠముగా తీసికొనదు. ఆ భావము నిలద్రొక్కుకొనుటకు మొదటి ప్రపంచయుద్ధము గడవవలసివచ్చినది. నిమ్జోవిచ్, రేటీ మున్నగువారు కేంద్రమును దూరమునుండి శాసింపవచ్చునని వాదించినారు. 1924లో న్యూయార్కులో రేటీ ప్రక్కలనుండి శకట్లను నడిపి, ఎనిమిదేండ్లుగా ఓటమి యెరుగని కాపాబ్లాంకాను ఓడించినాడు. ‘భారతీయ’ మను పేరు స్థిరపడినది ఆ దశాబ్దములోనే. 1940 దశకమున బ్రాన్‌స్టైన్, బొలెస్లావ్‌స్కీ కింగ్స్ ఇండియన్‌కు కొత్త జీవము పోసినారు. తరువాత ఫిషర్, కాస్పరోవ్ దానిని తమ ఆయుధముగా చేసికొన్నారు.

2013లో చెన్నైలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ తొమ్మిదవ ఆటలో నార్వే దేశీయుడు కార్ల్‌సన్ నల్ల పావులతో మన విశ్వనాథన్ ఆనంద్‌ను ఓడించినాడు. అందులో అతడు ప్రయోగించినది నిమ్జో ఇండియన్ రక్షణ. మన పేరు ధరించిన వ్యూహము పరదేశీయుని చేతిలో మన గడ్డకు వచ్చి, మనవానినే గెలిచినది.

అరుగులపైనను చావడులలోను ఆడిన మన పెద్దల ఆటలు ఎవరును వ్రాసి ఉంచలేదు. అవి ఆనాడే ముగిసినవి. మహేశచంద్రుని ఆటలు మాత్రము కొక్రేన్‌తో ఆడినవి కనుక కాగితముపై కెక్కి నిలిచినవి. ఓడిన ఆటలోని మంచి ఎత్తు కూడ వ్రాసియుంచదగినదే. మీ ఇంటి పిల్లలు చదరంగము ఆడుచున్నచో, వారి చేతికి ఒక చిన్న నోటుపుస్తకము నిచ్చి, ఓడిన ఆటలను సైతము వ్రాసికొనుమనుడు.