నిందానామ స్వీకారము (క్రైస్తవ సంప్రదాయమున)

పరులు అవమానింపగోరి పెట్టిన పేరును, ఆ అవమానమునకు గురియైనవారే అంగీకరించి తమ బిరుదముగా ధరించుటను నిందానామ స్వీకారమనవచ్చును. ఆధునిక సామాజికోద్యమములలో దీనిని గూర్చిన చర్చ విస్తరించినది గాని క్రైస్తవ సంఘమునకిది నూతనము గాదు. ఆ మతము నేడు ఏ పేర చెల్లుచున్నదో ఆ పేరే మొదట ఇతరులు పెట్టినది.

మొదటి శతాబ్దిలో సిరియాలోని అంతియొకయ పట్టణమున, యేసు అనుచరులు తమలో తాము శిష్యులనియు సహోదరులనియు పరిశుద్ధులనియు పిలుచుకొనుచుండగా, వారికి క్రైస్తవులను పేరు కలిగెను. హేరోదు పక్షమువారిని హేరోదీయులన్నట్లు, ఒక నాయకుని వెంటబడిన ముఠా యను ధ్వని అందున్నదని పలువురు పండితుల యభిప్రాయము. ఆ నాయకుడు బానిసలకు విధించు సిలువశిక్షను పొందినవాడగుటచే ఆ పేరు పరిహాసమునకు మరింత తావిచ్చెను. క్రొత్త నిబంధనలో ఈ పదము మూడుమార్లే కానవచ్చును: అపొస్తలుల కార్యములలో రెండుమార్లు, అందొకటి అగ్రిప్పరాజు నోట, పేతురు మొదటి పత్రికలో ఒకమారు. ఆ పేరున శ్రమపడువాడు సిగ్గుపడక దానిని బట్టియే దేవుని మహిమపరచవలెనని పేతురు పత్రిక బోధించినది. రెండవ శతాబ్ది ఆరంభమున అదే అంతియొకయకు బిషప్పైన ఇగ్నేషియస్, మృగములకు ఆహారమగుటకై రోమునకు కొనిపోబడుచు వ్రాసిన లేఖలో, తాను పేరునకే గాక నిజముగా క్రైస్తవుడనిపించుకొనవలెనని కోరెను.

రోమునందలి పాలటైన్ కొండమీద 1857లో బయల్పడిన గోడగీత ఆనాటి పరిహాసమును కన్నులకు గట్టించును. గారపై గీకిన యా బొమ్మలో సిలువమీద గాడిదతల గల మనుష్యుడు, ప్రక్కన చేయెత్తి నిలిచిన మరియొకడు. అలెక్సామెనోసు తన దేవుని పూజించుచున్నాడని క్రింద గ్రీకు అక్షరములు. ప్రక్కగదిలో అలెక్సామెనోసు విశ్వాసియని వేరొక వ్రాత దొరకినది. ఇది అతని ప్రత్యుత్తరమని కొందరందురు. నిరూపింప వీలుగాకున్నను విడువబుద్ధి గాని యూహ.

నిందను భరించుట ధన్యతయని కొండమీది ప్రసంగము చెప్పినది. అయితే ఆ ప్రసంగమే సహోదరుని వ్యర్థుడని పిలుచువానికి తీర్పు తప్పదనియు హెచ్చరించినది. కావున నిందానామమును స్వీకరించు హక్కు నిందితునిదే గాని, పరునిపై దానిని ప్రయోగించుటకు అనుమతి ఎవ్వరికిని లేదు. ఈ రెండవ భాగమును విస్మరించి మొదటిదానినే చాటు బోధకులు సహనమును పీడితులకే నేర్పుచున్నారు.

తరువాతి చరిత్రలో దృష్టాంతములు పెక్కు. 1650లో డెర్బీ న్యాయాధికారి బెన్నెట్, దేవుని మాటకు వణకుడని బోధించిన జార్జి ఫాక్సును ఎగతాళిచేయుచు వాడిన క్వేకరు (వణకువాడు) శబ్దము ఫాక్సు అనుచర సమాజమునకు లోకవ్యవహారమున స్థిరపడినది. ఆక్స్‌ఫర్డు విద్యార్థులు వెస్లీ సోదరుల నియమబద్ధ జీవితమును గేలిచేసి మెథడిస్టులనగా, జాన్ వెస్లీ 1753లో ప్రకటించిన తన ఆంగ్ల నిఘంటువులో, బైబిలు విధించిన పద్ధతిని అనుసరించి జీవించువాడే మెథడిస్టని నిర్వచించి ఆ గేలిని తనకనుకూలముగా మలచుకొనెను. స్వీకరించిన పేరును విడుచుటయు గలదు: మోర్మనులను పిలుపును మానుకొనవలసినదిగా ఆ సంఘాధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ 2018లో అందరిని కోరెను.

తెలుగునాట, 19వ శతాబ్దిలో ఒంగోలు బాప్టిస్టు మిషనులో చేరినవారిలో అధికసంఖ్యాకులు మాదిగలు. ఆ ప్రాంతముననే, ప్రకాశం జిల్లా ఈదుముడిలో, 1994లో ఆరంభమైన మాదిగ దండోరా, తిట్టుగా వినవచ్చిన కులనామమును పేరు చివర సగర్వముగా చేర్చుకొనుటను వ్యాప్తిచేసెను. అది మతోద్యమము గాదు. అయినను స్వీకార సూత్రమొక్కటే. షెడ్యూల్డు కులములకు గాని తెగలకు గాని చెందనివాడు అదే పేరుతో వారిని బహిరంగముగా అవమానించినచో, 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము క్రింద నేటికిని శిక్షార్హుడు.