ప్రవాహంలో డైవింగ్‌కు ఎలాంటి ఫిన్లు కొనాలి, ఎక్కడ వాటిని నమ్ముకోకూడదు

పల్నాడు పిల్లలకు ఈత కొత్త కాదు. ఒకవైపు కృష్ణ, మధ్యలో సాగర్ కుడి కాలువ, ఊరూరా చెరువులు. ఇప్పుడు ఈతతో ఆగకుండా సెలవుల్లో విశాఖ రుషికొండకు వెళ్లి స్కూబా డైవింగ్ నేర్చుకునే వాళ్లున్నారు. దుబాయ్‌లోనో జెడ్డాలోనో ఉన్న మామూ, భాయిజాన్ దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడి సముద్రంలో దిగేవాళ్లూ ఉన్నారు. నాలుగు డైవ్‌లు అయ్యేసరికి మొదట మనసు పోయేది ఫిన్ల మీదికే. కాళ్లకు తొడుక్కునే ఆ రబ్బరు రెక్కలు సొంతంగా కొనుక్కుంటే ఎంత ప్రవాహం ఉన్నా ఈదొచ్చనే నమ్మకం ఒకటి ఉంటుంది. ఆ నమ్మకం సగమే నిజం. ఏ సగం నిజమో తెలిశాకే డబ్బు తీయడం మంచిది.

మనిషి ఎంత, నీళ్లు ఎంత

సముద్రంలో నీటి వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు, అంటే సెకనుకు అర మీటరు. వినడానికి ఏమంత కాదు. మనం బజారుకు నడిచి వెళ్లేటప్పుడు గంటకు 5 కిలోమీటర్ల దాకా నడుస్తాం, అది రెండున్నర నాట్ల పైమాటే. అయితే వీపున సిలిండర్, ఒంటికి జాకెట్, నడుముకు బరువులు కట్టుకున్న మామూలు డైవర్ నీళ్లలో నిలకడగా ఈదగలిగేది అర నాట్ నుంచి ఒక నాట్ దాకా మాత్రమే. ఒక నాట్ ప్రవాహానికి ఎదురీదితే ఉన్నచోటే ఉండిపోతాడు, ఊపిరి మాత్రం అయిపోతుంది.

దీనికి కారణం నీటి లెక్క. వేగం రెట్టింపు చేయాలంటే నీటి నిరోధం నాలుగు రెట్లవుతుంది, కాళ్లు పెట్టాల్సిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఎంత ఖరీదైన ఫిన్ అయినా ఈ లెక్కను మార్చలేదు. నాలుగైదు వేలు ఎక్కువ పెట్టి కొన్న జత మహా అయితే కాస్త తక్కువ అలసటతో అదే దూరం తీసుకెళ్తుంది, అవసరమైన ఒక్క నిమిషం గట్టిగా తన్నడానికి కాళ్లలో ఓపిక మిగులుస్తుంది. ప్రవాహంలో ఫిన్ల వల్ల ఒరిగేది అంతే. ఆ ఒక్క నిమిషం కూడా చిన్నది కాదు. పడవ తాడు అందుకోవడానికో, విడిపోయిన జోడీ డైవర్‌ను చేరుకోవడానికో, రాయి చాటుకు చేరడానికో అదే పనికొస్తుంది.

బ్లేడు సంగతి

దుకాణంలో కనిపించే ఫిన్లు చూపుకు యాభై రకాలు. ప్రవాహం కోసం చూసేటప్పుడు నాలుగు రకాలుగా అనుకుంటే చాలు.

వెడల్పాటి ఒకే బ్లేడు ఉన్నవి ప్యాడిల్ ఫిన్లు. పక్కలకు గట్టి అంచులు, మధ్యలో మెత్తటి రబ్బరు గాడులు ఉన్నవి వీటిలో మెరుగైనవి. కాలు నొక్కినప్పుడు మధ్యభాగం దోసిలిలా వంగి నీటిని పక్కలకు జారిపోనివ్వకుండా వెనక్కి నెడుతుంది. ప్రవాహంలో దిగాలనుకునే మామూలు డైవర్‌కు ముందుగా చూడమని చెప్పదగ్గది ఇదే.

రెండోది పాతకాలపు జెట్ ఫిన్. 1960లలో వచ్చింది, ఇప్పటికీ పెద్దగా మారకుండా అమ్ముడుపోతోంది. పొట్టిగా, గట్టిగా, నల్లటి బరువైన రబ్బరుతో ఉంటుంది, బ్లేడుకు కన్నాలుంటాయి. నేవీ డైవర్లు, వృత్తి డైవర్లు దీన్ని ఇష్టపడతారు. తోపు బాగా ఉంటుంది, విరగదు. అయితే చల్లటి సముద్రాల్లో మందపాటి సూట్లు వేసుకునేవాళ్ల కాళ్లు పైకి తేలిపోతాయి కాబట్టి వాళ్లకు ఈ బరువు వరం. మన వెచ్చటి నీళ్లలో 3 మిల్లీమీటర్ల పల్చటి సూట్‌తో దిగేవాడికి అదే బరువు కాళ్లను కిందికి లాగుతుంది. ఒళ్లు నేలకు సమంగా ఉండకుండా ఏటవాలుగా నిలబడుతుంది, ప్రవాహానికి రొమ్మంతా అడ్డం పడుతుంది. ఇంటర్నెట్‌లో పొగడ్తలు చదివి జెట్ ఫిన్ తెప్పించుకునే ముందు ఒక డైవ్ అద్దెకు వాడి చూడటం మేలు.

మూడోది మధ్యకు చీలిన స్ప్లిట్ ఫిన్. కాళ్లకు తేలిక, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు హాయి. నెమ్మదిగా ముందుకు సాగడానికి పర్వాలేదు. గట్టిగా ఒక తన్ను తన్నాలన్నా, వెనక్కి రావాలన్నా, ఉన్నచోట తిరగాలన్నా చేతకాదు. ప్రవాహంలో సరిగ్గా కావాల్సినవి అవే.

నాలుగోది ఫ్రీడైవర్లు వాడే పొడవాటి ఫిన్. తిన్నగా దూసుకుపోతుంది, చూడటానికి అందంగా ఉంటుంది. పడవ నిచ్చెన ఎక్కేటప్పుడు, పగడపు రాళ్ల మధ్య మలుపు తిరిగేటప్పుడు ఆ పొడవే అడ్డం. సిలిండర్‌తో దిగే కొత్తవాళ్లకు ఇది వద్దు.

గట్టి బ్లేడయితే ఎక్కువ తోపు అనుకోవడం కూడా పొరపాటే. కాలి కండకు మించిన బ్లేడు పది నిమిషాల్లో పిక్కలు పట్టేస్తుంది. నాలుగు వందల గజాల చెరువు రోజూ ఈదే కుర్రాడికి సరిపోయే బ్లేడు, ఏడాదికోసారి డైవ్ చేసే అతని చెల్లికో అమ్మీకో సరిపోదు. బ్లేడు చూసే పద్ధతి ఒకటుంది. కాలు పెట్టే భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని, కొసను నేలకు ఆనించి నొక్కాలి. విల్లులా మొదలు నుంచి కొస దాకా ఒకే తీరుగా వంగితే మంచిది. మధ్యలో ఒకచోట మడత పడితే ఆ జత వదిలేయాలి, సముద్రంలో కూడా అక్కడే మడతపడుతుంది.

కాలికి పట్టడం

చాలామంది బ్లేడు గురించి గంటసేపు అడిగి, కాలికి పడుతుందో లేదో నిమిషంలో తేల్చేస్తారు. ప్రవాహంలో ఫిన్ ఊడిపోవడానికీ, పిక్క పట్టడానికీ అసలు కారణం చాలాసార్లు ఇదే.

చెప్పులా మడమతో సహా తొడుక్కునేవి ఒక రకం. తేలికగా ఉంటాయి, స్నార్కెలింగ్‌కు బాగుంటాయి. వెనక పట్టీ ఉండి, లోపల రబ్బరు బూటు వేసుకుని తొడిగేవి రెండో రకం. ప్రవాహంలో దిగేవాళ్లకు రెండోదే నయం. రాళ్ల ఒడ్డున నడవొచ్చు, బూటు పాదానికి పట్టుగా ఉంటుంది, ఎంత తన్నినా మడమ దగ్గర జారదు. పట్టీ కూడా రబ్బరుది కాకుండా స్టీలు స్ప్రింగుది దొరికితే తీసుకోవాలి. రబ్బరు పట్టీ ఎండకు పగులుతుంది, బకిల్ విరుగుతుంది. రెండూ జరిగేది దిగబోయే ముందే.

కొలత చూసుకునేటప్పుడు ఆ బూటు వేసుకునే చూసుకోవాలి. ఒక కంపెనీ ఎల్ ఇంకో కంపెనీ ఎమ్ కావచ్చు. కూర్చుని కాలు పైకెత్తి గట్టిగా విదిలిస్తే ఫిన్ కదలకూడదు, లోపల వేళ్లు మాత్రం కాస్త ఆడాలి. వేళ్లు ముడుచుకుపోతే పది నిమిషాలకే తిమ్మిరి వస్తుంది. దుబాయ్ నుంచి మామూ తెచ్చిన జత ఖరీదైనదే కావచ్చు, కొలత తేడాగా ఉంటే సముద్రానికి తీసుకెళ్లడం కంటే ఎవరికైనా ఇచ్చేయడం మంచిది.

కొన్నాక మొదటి పరీక్ష సముద్రంలో వద్దు. గుంటూరు, విజయవాడల్లో ఏదైనా స్విమ్మింగ్ పూల్‌లో మాస్కు, స్నార్కెల్‌తో 10 నిమిషాలు ఆపకుండా ఒకే ఊపులో ఈది చూడాలి. పిక్కలో పోటు మొదలైతే బ్లేడు గట్టిదన్నా అయ్యుండాలి, తన్నే తీరు తప్పన్నా అయ్యుండాలి.

తన్నే తీరు అంటే కాలు తుంటి నుంచి కదలాలి, మోకాలి నుంచి సైకిల్ తొక్కినట్టు కాదు. ప్రవాహంలో ఎప్పుడూ గబగబా కొట్టకూడదు. నిదానంగా, పెద్ద ఊపుతో. వేలాడే గొట్టాలు, మీటర్లు ఒంటికి దగ్గరగా కట్టుకోవాలి, అవసరానికి మించిన బరువులు తీసేయాలి. ఇవి చేస్తే కలిసొచ్చేది చాలాసార్లు కొత్త ఫిన్లతో కలిసొచ్చేదానికన్నా ఎక్కువే ఉంటుంది. ఆడపిల్లలు ఒళ్లంతా కప్పే వెట్‌సూట్, తలకు హుడ్ అడిగి తీసుకోవచ్చు, చాలా డైవింగ్ సెంటర్లలో ఉంటాయి. సూట్ మీద వదులు కుర్తా, దుపట్టా మాత్రం నీళ్లలో వద్దు. ప్రవాహంలో అవి తెరచాపలా పట్టుకుంటాయి, ఫిన్లకు చుట్టుకుంటాయి. పడవలోకి రాగానే వేసుకోవచ్చు. సిలిండర్ గాలి బాగా పొడిగా ఉంటుంది, ఒంట్లో నీరు తగ్గితే కండరాలు పట్టేస్తాయి. రోజా రోజుల్లో కాకుండా ఈద్ తర్వాత పెట్టుకుంటే మంచిది.

ఏ నీళ్లు ఎలాంటివి

మన తూర్పు తీరం వెంట ప్రవాహం ఏడాది పొడవునా ఒకే దిక్కుకు ఉండదు. ఫిబ్రవరి నుంచి వేసవి దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పోతుంది. రుషికొండలో దిగేవాళ్లు ఆ రోజు దిక్కు ఏదో, లోపల ఎంత దూరం కనిపిస్తుందో గైడ్‌ను అడగాలి. డైవ్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా మొదలుపెట్టి, అలసిపోయాక దానితోపాటు వెనక్కి రావాలి. నేలకు దగ్గరగా ఈదితే రాపిడి వల్ల అక్కడ నీళ్ల వేగం తక్కువగా ఉంటుంది.

లక్షద్వీప్‌లోనూ, మాల్దీవుల్లోనూ దీవుల మధ్య సన్నటి దారుల గుండా పోటు నీళ్లు దూసుకుపోతాయి. ఒమన్‌లోని ముసందం హోర్ముజ్ జలసంధి పక్కనే ఉంటుంది, అక్కడా అంతే. ఇలాంటి చోట్ల ఎదురీదాలని ఎవరూ చూడరు. నీళ్లతోపాటు కొట్టుకుపోతారు, పడవ వెనకాలే వస్తుంది, పైకి తేలేముందు గాలి నింపిన రంగు గొట్టం వదిలి తామెక్కడున్నామో చూపిస్తారు. దీన్నే డ్రిఫ్ట్ డైవ్ అంటారు. ఇలాంటి డైవ్‌కు ఆ రంగు గొట్టం ఫిన్లకన్నా ముందు కొనాల్సిన వస్తువు.

ఇంటికొచ్చాక ఫిన్లను మంచినీళ్లలో కడిగి నీడన ఆరబెట్టాలి. మే నెలలో నరసరావుపేట రేకుల షెడ్డు కింద పెడితే రబ్బరు బతకదు. కొసల మీద నిలబెడితే బ్లేడు వంగి అలాగే ఉండిపోతుంది.

కృష్ణలో, కాలువలో

ఇక ఇంటి దగ్గరి నీళ్లు. సముద్రపు పోటుకు ఆగే ఘడియ ఒకటుంటుంది, దిక్కు మార్చుకుంటుంది. నది, కాలువ ఆగవు. సాగర్ కుడి కాలువకు రూపకల్పనలో పెట్టిన సామర్థ్యం 11,000 క్యూసెక్కులు, అంటే సెకనుకు 3 లక్షల లీటర్లకు పైగా నీళ్లు. వేగం చూడటానికి ఒక చిన్న పని చేయొచ్చు. ఒడ్డున 10 మీటర్లు కొలిచి, ఒక ఆకు వేసి సెకన్లు లెక్కపెట్టాలి. 20 సెకన్లు పడితే అది ఒక నాట్, మంచి డైవర్ హద్దు. 10 సెకన్లే పడితే రెండు నాట్లు, ఏ ఫిన్లు వేసుకున్నా ఎవరూ నిలబడలేరు. ఆ రెండు నాట్ల నీళ్లు ఒడ్డున నిలబడి చూసేవాడికి మనిషి నడక కన్నా నిదానంగా పోతున్నట్టే కనిపిస్తాయి. అక్కడే చాలామంది మోసపోతారు.

గేట్ల దగ్గర, తూముల దగ్గర ఇంకో ప్రమాదం. నీళ్లు మనిషిని కంతకేసి నొక్కి పట్టేస్తాయి, ఎంత తన్నినా వదలవు. మునిగిన చెట్టు కొమ్మలూ అలాగే పట్టేస్తాయి. నడుం లోతు పారే నీళ్లలో ఫిన్లతో నిలబడబోతే బ్లేడుకు నీళ్లు తగిలి మనిషి వెనక్కి పడతాడు.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట పడవ మునిగింది. నేవీ డైవర్లు వచ్చారు. శిక్షణకూ పరికరాలకూ వాళ్ల దగ్గర లోటు లేదు. అయినా ఆ లోతు, ఆ వరద ఉరవడి, ఆ బురద నీళ్లు పని సాగనివ్వలేదు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లతో, ఇనుప తాళ్లతో రోజుల తరబడి ప్రయత్నించి, వరద తగ్గాక అక్టోబరు 22న పడవను బయటికి లాగింది.

అందుకే కాలువలో ఎవరైనా పడితే ఇంట్లో ఫిన్లున్నాయి కదా అని దిగకూడదు. ఒడ్డు నుంచి తాడు, ఖాళీ నీళ్ల క్యాను, పొడవాటి వెదురు, చివరికి నాలుగు ముళ్లు వేసిన చీర, ఏది ఉంటే అది విసరాలి. మనిషి పడిన చోటుకు కాదు, నీళ్లు తీసుకెళ్లే దిగువ చోటుకు ముందే పరిగెత్తి అక్కడి నుంచి విసరాలి. మిగతావాళ్లలో ఒకరు 112కు ఫోన్ చేసి కాలువ పేరు, దగ్గరి వంతెన, ఊరు చెప్పాలి. నీటి విడుదల తగ్గించాలంటే నీటిపారుదల శాఖ వాళ్లకూ కబురు అందాలి, ఆ మాట కూడా అదే ఫోన్‌లో అడగాలి.