గద్దర్ లేని గద్దర్ పాట

(పాట నడిచిన దారి - 11)



మొన్న ఆగస్టు 6న మిర్యాలగూడ వైపు ఒక ఊళ్లో సభకు పోయాను. ఆ తారీఖు మనకు రెండు రకాలుగా గుర్తు. 1991లో చుండూరులో 8 మంది దళితులను నరికి చంపింది ఆ రోజే. 2023లో గద్దర్ పోయిందీ ఆ రోజే. సభ పెట్టిన పిల్లలు రెండింటికీ కలిపి ఒకటే ఫ్లెక్సీ కొట్టించారు. మాటలు అయిపోయి పాటలు మొదలయ్యేసరికి రాత్రి 8 దాటింది. ఆరుగురి బృందం. ముందున్న కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. మోకాళ్ల పైకి కట్టిన పంచె, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. గడ్డం ఇంకా రాలేదు, పెంచే ప్రయత్నం మాత్రం కనిపిస్తోంది. పక్కన వంతకు డిగ్రీ చదివే అమ్మాయి. రెండు డప్పులు, ఒక డక్కీ, ఒక కీబోర్డు.

నా పక్క కుర్చీలో ఒక రిటైర్డ్ టీచర్ కూర్చున్నాడు. రెండు పాటలు విని నా వైపు వంగి, "పాడుతున్నరు గానీ మేడమ్, ఎంతైనా అసలు అసలే, నకలు నకలే" అన్నాడు. మర్యాదకు తల ఊపాను. ఇంటికొచ్చాక, ఎందుకు ఊపానా అని నిద్ర పట్టలేదు. అందుకే ఈ భాగంలో చెప్పాలనుకున్న పల్లెసుద్దుల సంగతి పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

ఆ కుర్రాడు అప్పుడు పాడుతున్నది "బండెనక బండి కట్టి". తెలుగు నేల మీద ఎవరినడిగినా అది గద్దర్ పాట అంటారు. "మా భూమి" సినిమాలో గొంగడి కప్పుకుని పాడిన మనిషి బొమ్మ మన కళ్లలో అట్లా నిలిచిపోయింది. గౌతమ్ ఘోష్ తీసిన ఆ సినిమాకు బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు. కానీ ఆ పాట కట్టింది బండి యాదగిరి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో, నిజాం మీద, దొరల మీద కట్టిన పాట. గద్దర్ దాన్ని తన గొంతులోకి తీసుకున్నది దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత. అంటే, మనం "అసలు" అనుకుంటున్న ఆ దృశ్యమే ఒక నివాళి. ముందు తరం పాటను తర్వాతి తరం గాయకుడు కెమెరా ముందు మళ్లీ పాడడం.

ఆ తర్వాత ఆ బృందం ఎత్తుకున్నది "ఊరు మనదిరా". దాన్నీ గద్దర్ ఖాతాలోనే వేస్తారు జనం. అది గూడ అంజయ్యది. ఆదిలాబాద్ జిల్లా మనిషి, 2016లో పోయాడు. సరే, ఇవి రెండూ వేరేవాళ్లవి, గద్దర్ సొంతంగా రాసిన పాట సంగతేమిటి అంటారా? "మల్లెతీగకు పందిరివోలె" ఆయన రాసిందే. ఊరూరా ఆడబిడ్డలు కన్నీళ్లు పెట్టుకుని విన్నది మాత్రం 1995 నాటి "ఒరేయ్ రిక్షా" సినిమాలో వందేమాతరం శ్రీనివాస్ గొంతులో. ఆ పాటకు నంది అవార్డు ఇస్తే గద్దర్ వద్దన్నాడు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం నంది పేరు తీసేసి, సినిమా అవార్డులకు గద్దర్ పేరు పెట్టింది. 2025లో ఇచ్చారు కూడా. అవార్డు వద్దన్న మనిషి పేరే అవార్డైంది. ఆయన ఉండి ఉంటే దీని మీద ఒక పాట కట్టేవాడు, అందులో అనుమానం లేదు.

నా సంగతి చెప్తాను. నేను పుట్టేనాటికి జననాట్యమండలికి పదిహేనేళ్లు దాటాయి. అది 1972లో మొదలైంది. మా వాడలో పాటలన్నీ నేను విన్నది మా అమ్మ తరఫు ఒక మామ గొంతులో. పగలు కూలి, చావులకూ పెళ్లిళ్లకూ డప్పు. రాత్రి రావిచెట్టు గద్దె మీద పాట. చలికాలం డప్పు చర్మం మెత్తబడితే గడ్డి మంట వేసి కాపేవాడు. సిర్ర, సిటికెన పుల్ల చేతికి తీసుకునే ముందు ఒకసారి వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఆ పాటలన్నీ మామవే అనుకున్నాను. పదేళ్లు వచ్చేదాకా గద్దర్ అనే మనిషి ఉన్నాడనే నాకు తెలియదు.

2010లో ఉస్మానియాలో పీజీ చదువుతుండగా గద్దరన్నను మొదటిసారి ఎదురుగా చూశాను. 1997 ఏప్రిల్ 6న కాల్చిన తూటాల్లో ఒకటి ఇంకా వెన్నులోనే ఉంది, ఆ ఒంటితో ఎగిరి ఆడుతున్నాడు. జనం ఊగిపోతున్నారు. నాకు మాత్రం మొదటి చరణం దాకా ఏదో తేడా కొడుతోంది. "ఇక్కడ మామ ఇట్లా లాగడు కదా, ఇక్కడ ఊపిరి తీసుకోడు కదా" అనిపిస్తోంది. నా చెవికి అసలు మా మామ. గద్దర్ వేరే పాఠం. తర్వాత తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసేటప్పుడు పాఠాంతరం అనే మాట ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు గానీ, దాని అర్థం నాకు తెలిసింది మాత్రం ఆ రోజే. బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో జానపద గేయాల మీద డాక్టరేట్ చేసిన నాటి నుంచి మన శాఖల్లో అందరం ఒప్పుకున్న సంగతే ఇది. జానపదంలో మూలప్రతి ఒకటి ఉండదు, ఎవరు పాడితే అది వాళ్ల పాఠం. క్లాసులో ఒప్పుకుంటాం. సభలో కూర్చున్నప్పుడు మాత్రం "నకలు" అంటాం, అంటే తల ఊపుతాం.

ఇంకో చరిత్ర కూడా ఉంది. 1985 నుంచి 1990 దాకా గద్దర్ అజ్ఞాతంలో ఉన్నాడు. సరిగ్గా అప్పుడే, 1985 జూలై 17న, కారంచేడులో 6గురు మాదిగలను చంపారు. ఆ దాడి మీద, తిరగబడిన వాడ మీద గద్దర్ పాట రాశాడు. ఆ పాట వాడవాడలా తిరిగింది. ఎవరు తిప్పారు? రాసిన మనిషి ఊళ్లలోకి బాహాటంగా వచ్చి పాడే పరిస్థితి లేదు. పాడింది కూలీలు, విద్యార్థులు, హాస్టల్ పిల్లలు, మా మామ లాంటి డప్పు కళాకారులు. చేతిలో కాపీ మీద కాపీ తీసి గరగరలాడే క్యాసెట్లు, అట్టలు చిరిగిన పాటల పుస్తకాలు. 1990 ఫిబ్రవరిలో ఆయన బయటికొచ్చి నిజాం కాలేజీ గ్రౌండ్స్‌లో సభ పెడితే మా నాయన లారీ ఎక్కి పోయాడు. గద్దర్ అందుకోకముందే జనం చరణాలు అందిస్తున్నారని చెప్పేవాడు. గద్దర్ లేకుండా గద్దర్ పాట బతుకుతుందా అనే ప్రశ్నకు ఆ ఐదేళ్లలోనే జవాబు దొరికింది. ఇప్పుడు మళ్లీ కొత్తగా అడగాల్సిన పని లేదు.

బయటి దేశాల్లో ఒక గొప్ప బృందం పాటలే పాడుతూ, వాళ్ల వేషమే వేస్తూ బతికే బృందాలున్నాయి. ఇంగ్లండ్‌లో బూట్‌లెగ్ బీటిల్స్ అని ఒక బృందం 1980 నుంచి బీటిల్స్ పాటలే వాయిస్తోంది. బీటిల్స్ కలిసి ఉన్న కాలం కన్నా వీళ్లు వాయిస్తున్న కాలం ఎన్నో రెట్లు. మనకు ఘంటసాల ఆర్కెస్ట్రాలు అట్లాంటివే. ఆయన 1974లో పోయాడు. శ్రీరామనవమి పందిరి, వినాయక చవితి పందిరి, ఎక్కడ చూసినా ఒక "జూనియర్ ఘంటసాల" ఉంటాడు. నాకు వాటి మీద చిన్నచూపు లేదు. పైగా పిచ్చి. చిన్నప్పుడు మా వాడ పిల్లలం ట్యూబులైటు వెలుతురు అందని చోట నిలబడి అర్ధరాత్రి దాకా వినేవాళ్లం. అక్కడ గీటార్, డ్రమ్స్, కీబోర్డు వాయించే అన్నలు చాలామంది చర్చిలో నేర్చుకున్న మనవాళ్లే. మైకు ముందు శాలువా కప్పుకుని పాడేది వేరే కులం, వెనక చెమట కారుస్తూ వాయించేది మనం. ఆ రోజుల్లో ఆ తేడా నాకు కనిపించలేదు.

ఘంటసాల రాత్రికి వచ్చే శ్రోత ఒక్క సంగతి మారినా ఊరుకోడు. రికార్డులో ఉన్నట్టే కావాలి. అక్కడ గొప్పతనమంతా మారకపోవడంలో ఉంటుంది, అది కూడా కష్టమైన విద్యే. గద్దర్ పాట అట్లా కాదు. ఆయన పాట మధ్యలో ఆపేస్తాడు. జనంతో మాట్లాడతాడు, ఒక ముసలమ్మను అత్తా అని పిలిచి కష్టం అడుగుతాడు, అది కథవుతుంది, అందులోంచి మళ్లీ పల్లవి లేస్తుంది. ఒగ్గుకథలో, బుర్రకథలో ఉన్న పద్ధతే. వంతలు ఒక మాటను పట్టుకుని తిప్పుతుంటే ముందు మనిషికి ఊపిరి తీసుకునే, ఆలోచించుకునే సందు దొరుకుతుంది. ఆ సందులో ఊరి పేరు మారుతుంది, దొర పేరు మారుతుంది, బియ్యం ధర మారుతుంది. ఉన్నదున్నట్టు దించితే ఆ పాట చచ్చిపోతుంది. యూట్యూబ్‌లో గద్దర్ పాట విని "ఆహా" అనేవాళ్లు నిజానికి సగమే విన్నట్టు. మిగతా సగం నేల మీద కూర్చున్న జనం పాడాలి.

అందుకే ఆ కుర్రాడి మీద నాకున్న ఫిర్యాదు ఆ టీచర్ ఫిర్యాదుకు పూర్తిగా తలకిందులు. వాడు గద్దర్‌లా లేడని కాదు, మరీ గద్దర్‌లా ఉన్నాడని. ఆ గొంగడి వాడిది కాదు. ఆ దగ్గు లాంటి నవ్వు వాడిది కాదు. ఎనభైల నాటి ధరలే ఇప్పటికీ పాడుతున్నాడు. కీబోర్డు కుర్రాడు రిథమ్ బటన్ నొక్కి కూర్చుంటే డప్పులు ఆ లెక్కకు కట్టుబడి కొట్టాల్సి వస్తోంది, పాట ఆగడానికి వీల్లేదు. మిషన్ ఆగదు కదా. ఎన్నికలప్పుడు ఇవే బాణీల్లో ఏ పార్టీ డబ్బిస్తే ఆ పార్టీ పేరు పెట్టి పాడడం ఇంకో కథ. దానికి ఆ పిల్లలను తిట్టను. ఉద్యమ సభలో పాడితే ఆటో కిరాయి కూడా పూర్తిగా రాదు. "మన సభే కదా తమ్ముడూ" అని భుజం తట్టి పంపిస్తాం. వక్తలకు శాలువాలు, గాయకులకు టీ. ఈ పని నేను కూడా చేశాను. (గద్దరన్న చివరి రోజుల్లో గుళ్ల చుట్టూ తిరగడం మీద చాలామంది అడుగుతున్నారు. నాకూ కోపముంది. ఇంకోసారి రాస్తాను.)

పేరు సంగతి ఒకటి మిగిలింది. మహారాష్ట్రలో అంబేద్కరీ జల్సాలు 1930లలోనే పుట్టాయి. నాసిక్ వైపు భీమరావు కర్డక్ బృందం ఊరూరా ఆడింది. తర్వాతి తరంలో వామన్‌దాదా కర్డక్ లెక్కలేనన్ని భీమ్ గీతాలు కట్టాడు. 2004లో పోయాడు. ఈ రోజుకీ నాగపూర్ దీక్షాభూమి దగ్గర, ముంబై చైత్యభూమి దగ్గర ఆయన పాటలు పాడే బృందాలు ఉన్నాయి. ఆయన చాలా పాటల్లో చివర "వామన్" అని తన పేరు కలుపుకున్నాడు. ఎవరు పాడినా ఆఖరి చరణంలో ఆ పేరు పలకాల్సిందే. మన వేమనదీ అదే తెలివి. మకుటంలో పేరుంది కాబట్టి చదువు రాని నోళ్లలో కూడా ఆ పేరు చెరిగిపోలేదు. విప్లవ పాటలో ఆ ముద్ర లేదు. పాట సమిష్టిది, పేరు చెప్పుకోవడం తప్పు అనుకున్నారు, పేరు బయటపడితే ప్రాణం పోయే రోజులు కూడా అవి. ఆ పద్ధతిని నేను గౌరవిస్తాను. కానీ దాని ఫలితం చూడండి. పేర్లు లేని పాటలన్నీ ఒక పెద్ద పేరు కింద చేరిపోయాయి. యాదగిరి పోయాడు, అంజయ్య పోయాడు, డప్పు కొట్టినవాళ్లు మొదటి నుంచీ లేనే లేరు. గద్దర్ ఇది కోరుకున్నాడని నేను అనుకోను. మనమే, ఒక్కడిని "అసలు" చేసి కూర్చోబెట్టే అలవాటుతో, ఈ పని చేశాం.

ఆ రాత్రి సభలో చివరి పాటకు కరెంటు పోయింది. కీబోర్డు ఆగిపోయింది. చినుకులకు మెత్తబడిన డప్పులు కాపడానికి గడ్డి దొరక్క, మిగిలిపోయిన కరపత్రాలు కాల్చారు. ఆ వెలుతుర్లో వంత అమ్మాయి ముందుకొచ్చి కారంచేడు పాట ఎత్తుకుంది. గొంగడి లేదు, కర్ర లేదు, చున్నీ నడుముకు బిగించుకుంది. రెండో చరణం తర్వాత ఆపి, చుండూరు గురించి రెండు నిమిషాలు తన మాటల్లో చెప్పింది. తేదీ ఒకచోట తప్పు చెప్పింది, ముందు వరసలోంచి ఎవరో సరిచేశారు, "ఔను పెదనాయనా, 91" అని దిద్దుకుని మళ్లీ పల్లవి అందుకుంది. నా పక్కనున్న టీచర్ ఏం చేశాడో నేను చూడలేదు. నేను కూడా వంతలోనే ఉన్నాను.

పాటలయ్యాక పెద్ద డప్పాయన దగ్గరికి పోయి, ఆటో కిరాయి ఎంతయిందో అడిగి చేతిలో పెట్టాను. తీసుకుని, "మేడమ్, మీరు కాలేజీల చెప్తరట కదా, ఇందాక పాడిన పాటల్లో గద్దరన్నవి కానివి ఉన్నయట, నిజమేనా?" అన్నాడు. నిజమే అన్నాను. "అయితే పేర్లు రాసియ్యండి, ఈసారి చెప్పి పాడతం" అన్నాడు. కాలకుండా మిగిలిన ఒక కరపత్రం వెనక బండి యాదగిరి, గూడ అంజయ్య అని రాసిచ్చాను. వెలుతురుకు దగ్గరగా పట్టుకుని కూడబలుక్కుని చదివాడు.

"వీళ్ల ఫోన్ నంబర్లు గూడ ఉంటే రాయండి మేడమ్. పాడుతున్నమని ఒక మాట చెప్తం."

ఇద్దరూ లేరని చెప్పాను. కాసేపు ఆగి, కాగితం మడిచి డప్పు సంచిలో పెట్టుకున్నాడు.

వచ్చే భాగం పల్లెసుద్దుల గురించి. జై భీమ్.